స్నానాల గదిలో నేల కనిపించాక

గత ఏడాది జూన్‌లో మా అమ్మకు కుడి మోకాలి కీలు మార్పిడి జరిగింది. తెనాలిలో ఒక్కతే ఉంటుంది కనుక, మూడు నెలలపాటు మా దగ్గరే ఉంచుకోవాలనుకుని ఆసుపత్రి నుంచి నేరుగా మల్కాజిగిరిలోని మా ఫ్లాటుకు తీసుకువచ్చాము. ఎత్తు మంచం, కాలి కింద పెట్టే దిండ్లు, ఐసు సంచి, పూటవారీగా సర్దిన మాత్రలు, అన్నీ సిద్ధంగా ఉన్నాయనుకున్నాను. మరునాడు ఉదయం వ్యాయామాలు చేయించడానికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం అమ్మ మోకాలిని చూడకముందే మా స్నానాల గదిని చూపించమని అడిగింది. వాకర్‌ను గుమ్మం దాటించి లోపల నిలబెట్టబోతే, దాని నాలుగు కాళ్ళు ఆనడానికి నేల మీద నాలుగు ఖాళీ చోట్లు దొరకలేదు. ఒక కాలు బకెట్‌కు తగిలింది, ఇంకొకటి పీట మీదికి ఎక్కింది. ఆ అమ్మాయి వాకర్‌ను మడిచి బయటపెట్టి, "ముందు ఇది ఖాళీ చేయండి మేడమ్, ఆ తరువాతే ఆంటీని లోపలికి పంపండి" అన్నది.

మా ఇంట్లో రెండు స్నానాల గదులు ఉన్నాయి. హాలు పక్కన ఉన్నదానిలో కింద కూర్చునే దొడ్డి ఉంది కనుక అది అమ్మకు పనికిరాదు. పడకగదిని ఆనుకుని ఉన్న రెండవ గది వెడల్పు నాలుగున్నర అడుగులు, పొడవు ఏడు అడుగులు. అందులోనే కమోడ్, వాష్ బేసిన్, గీజరు, పైన అటక. పదిహేనేళ్ళుగా మేము నలుగురం అక్కడే స్నానం చేస్తున్నాము, ఆ గది ఇరుకని ఏనాడూ అనుకోలేదు. ఒంటికాలి మీద దాటవలసినవి దాటుతూ, భుజం వంచవలసిన చోట వంచుతూ, గదికి తగినట్టు మేమే మలుపులు నేర్చుకున్నామని ఆ వాకర్ అడ్డం పడ్డాక తెలిసింది. అమ్మకు అప్పటిదాకా అద్దెకు తెచ్చిన కమోడ్ కుర్చీతో సరిపెట్టి, శని, ఆదివారాలు రెండూ ఈ పనికే కేటాయించాను.

శనివారం ఉదయం ఏది ఉంచాలి, ఏది తీయాలి అనే ఆలోచన ఏమీ పెట్టుకోకుండా, గదిలో ఉన్నవన్నీ బయటకు తెచ్చి పడకగదిలో పాత దుప్పటి పరిచి దాని మీద పెట్టాను. లోపలే నిలబడి ఏరుతూ ఉంటే ప్రతి వస్తువూ ఉండవలసిందేననిపిస్తుంది, బయట వెలుతురులో గుట్టగా చూస్తే అలా అనిపించదు. లెక్క రాసుకున్నాను. బకెట్లు మూడు, నీళ్ళు నిలవ ఉంచే పెద్ద టబ్బు ఒకటి, మగ్గులు నాలుగు, వాటిలో ఒకదానికి పిడి లేదు. పీటలు రెండు. షాంపూ సీసాలు పదకొండు, అన్నింటిలోనూ అడుగున రెండు వేళ్ళ మందం మిగిలి ఉంది. షాంపూ పొట్లాలు ఇరవైమూడు. ఊళ్ళకు వెళ్ళినప్పుడు హోటళ్ళ నుంచి తెచ్చిన బిళ్ళ సబ్బులు తొమ్మిది. మనుషులం నలుగురం, అందులోనూ మా అబ్బాయి హాస్టల్‌లో ఉంటాడు, టూత్ బ్రష్షులు మాత్రం ఏడు. ఇవి కాక భోగికి వాడగా మిగిలిన సున్నిపిండి, పురుగుపట్టిన కుంకుడుకాయల సంచి, కాలు రుద్దుకునే రాళ్ళు మూడు, ఎండి నల్లబడిన బీరకాయ పీచు, వాడేసిన రేజర్లు, ఎవరికి ఎప్పుడు రాశారో గుర్తులేని చర్మం మందు గొట్టాలు, వాష్ బేసిన్ మీది అద్దం వెనుక అరలో మాత్రల అట్టలు ఉన్నాయి.

పక్కమంచం మీద కాలు చాపుకుని కూర్చున్న అమ్మకు ఈ గుట్ట మంచి కాలక్షేపమైంది. నేను చెత్త సంచి పక్కన పెట్టే ప్రతి సీసానూ చూసి, "అది పారెయ్యకే, ఇంకా ఉంది అందులో" అనేది. సబ్బు ముక్కల డబ్బా దగ్గర మాత్రం మా ఇద్దరికీ నిజంగానే మాటపట్టింపు వచ్చింది. అరిగిపోయి గోరంత పలచబడిన సబ్బు బిళ్ళలను పారేయకుండా ఒక రేకు డబ్బాలో వేయడం నాకు అమ్మ నుంచే వచ్చిన అలవాటు. ఆమె వాటిని నానబెట్టి బట్టలకు వాడేది. నేను మాత్రం వేయడమే తప్ప తీసి వాడినది ఒక్కనాడూ లేదు. మూత తీస్తే గులాబీ, ఆకుపచ్చ, పసుపు రంగుల ముక్కలు చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యమధ్య తల వెంట్రుకలతో, గుప్పెడు రాయిలా గట్టిపడి ఉన్నాయి. డబ్బా అడుగు తుప్పుపట్టి, ఆ తుప్పు వలయం గూట్లో పలక మీద ముద్రపడి ఉంది. అమ్మ దానిని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "నేను వాడేదాన్ని కనుక దాచాను, నువ్వెందుకు దాచావే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్ననే మిగిలిన వస్తువులన్నింటికీ వేసుకుంటూ వెళ్ళాను.

మధ్యాహ్నానికి గుట్ట సగమైంది, కాని ఆ సగాన్నీ మళ్ళీ లోపల పెడితే నేల కనిపించదు. ఏదైనా ప్లాస్టిక్ అరల స్టాండు కొని మూలన పెడదామా అని మావారితో అంటూ ఉంటే, అమ్మ తెనాలి ఇంటి దొడ్లోని నీళ్ళగదిని గుర్తు చేసింది. "అందులో ఏముండేవే? గంగాళం, చెంబు, గోడలో గూడు. ఎవరి తువ్వాలు వాళ్ళు భుజాన వేసుకుని వెళ్ళేవాళ్ళం, ఎవరి బట్టలు వాళ్ళు తెచ్చుకునేవాళ్ళం" అన్నది. ఆ గూడు నాకు బాగా గుర్తుంది. జానెడు వెడల్పు, జానెడు ఎత్తు ఉండేది. ఒక సబ్బు, ఒక సున్నిపిండి గిన్నె, నాన్నగారి గడ్డం గీసుకునే సామగ్రి పెడితే నిండిపోయేది. చోటు లేక ఆ గదిలోకి కొత్త వస్తువు వచ్చేది కాదు. మా ఫ్లాటులో చోటు ఉన్నది కనుక వచ్చిందని, అరల స్టాండు కొంటే ఇంకా వస్తుందని అప్పుడు తట్టింది.

స్టాండు ఆలోచన మానుకుని, అడుగున చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ బుట్టలు నాలుగు తెచ్చాను, ఒక్కొక్కటి ఆ గూడంత. ఎవరి షాంపూ, ఎవరి రేజరు, ఎవరి దువ్వెన వారి బుట్టలోనే ఉండాలి. బుట్ట వారి బీరువాలో ఉంటుంది, స్నానానికి వెళ్ళేటప్పుడు చేతిలో వస్తుంది, తిరిగి చేతిలోనే వెళుతుంది. హాస్టల్ పిల్లలందరూ చేసే పనే ఇది. గదిలో శాశ్వతంగా ఉండేవి ఒక బకెట్, ఒక మగ్గు, ఒక సబ్బు పెట్టె, చేతులు కడుక్కునే ద్రవం, కమోడ్ బ్రష్షు, నీళ్ళు తోసే వైపర్. అమ్మ కూర్చుని స్నానం చేయడానికి జారని రబ్బరు కాళ్ళున్న ఎత్తు స్టూలు ఒకటి మాత్రం అదనం.

పారేయడంలో కొన్నింటికి తేదీయే జవాబు చెప్పింది. కొన్ని క్రీముల డబ్బాల మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, దానిలో 12 ఎం అనే అక్షరాలు ఉంటాయి. తెరిచిన తరువాత పన్నెండు నెలలలోపు వాడెయ్యాలని దాని అర్థం. నేను తెరిచి మూడేళ్ళయిన డబ్బాలు కూడా అందులో ఉన్నాయి. మాత్రల అట్టలలో సగానికి గడువు దాటింది. దాటనివాటిని కూడా అక్కడ ఉంచడం తప్పేనని, ముప్పై డిగ్రీలకు మించని పొడి చోట ఉంచాలని అట్ట మీదే రాసి ఉన్న సంగతి ఆనాడే చదివాను. రోజూ గీజరు నీళ్ళ ఆవిరి పట్టే గదిలో అద్దం వెనుక అర కంటే చెడ్డ చోటు మందులకు మరొకటి ఉండదు. మంచివాటిని పడకగది బీరువాలోకి మార్చాను. గడువు దాటినవి తడి చెత్తలోనో పొడి చెత్తలోనో కలపవలసినవి కావు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు వాటిని ఇంటి ప్రమాదకర వ్యర్థాల కింద చేర్చాయి కనుక, వేరే కవరులో కట్టి, చెత్త ఆటో అబ్బాయికి ఫలానావని చెప్పి ఇచ్చాను. రేజరు బ్లేడ్లను పాత టూత్ పేస్టు అట్టపెట్టెలో వేసి టేపు చుట్టి ఇచ్చాను, ఏరేవాళ్ళ వేళ్ళు తెగకూడదని. షాంపూ సీసాలను కడిగి పాత సామాన్లవాడికి వేస్తే తీసుకున్నాడు, పొట్లాలను మాత్రం ముట్టలేదు.

పెద్ద టబ్బు విషయంలో మావారు గట్టిగా అడ్డుపడ్డారు. వేసవిలో బోరు అడుగంటి ట్యాంకరు కోసం ఎదురుచూసిన రోజులు మాకు ఉన్నాయి కనుక ఆ భయాన్ని నేను కొట్టిపారేయలేకపోయాను. అయితే నీళ్ళు వచ్చే రోజులలో కూడా అది నిండుగానే ఉండేది, మూత లేకుండా. డెంగ్యూను మోసే దోమ మురికి కాలువలలో కాక ఇలాంటి మంచినీటి నిలవలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఆ నీరు వారం, పది రోజులు కదలకుండా ఉంటే చాలు. టబ్బును మూతతో సహా గిన్నెలు తోమే బాల్కనీలోకి మార్చి, శుక్రవారం రాత్రి దానినీ బకెట్‌నూ ఖాళీ చేసి బోర్లించడం నియమం చేసుకున్నాము.

ఆదివారం పూర్తిగా కుళాయిలకూ బకెట్లకూ పట్టిన గారకే పోయింది. మా అపార్ట్‌మెంట్‌కు వచ్చేది చాలావరకు బోరు నీళ్ళే. సంఘం వాళ్ళు ఒకసారి పరీక్ష చేయిస్తే కాఠిన్యం లీటరుకు 540 మిల్లీగ్రాములని తేలింది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు 200, వేరే దారి లేనిచోట 600 వరకు సర్దుకోవచ్చు. వంటకూ తాగడానికీ మున్సిపల్ నీళ్ళు ఉన్నాయి కనుక మేము దానిని అంతగా పట్టించుకోలేదు. ఖాళీ అయిన గదిలో ఆ నీళ్ళు పదిహేనేళ్ళుగా చేసిన పని అంతా కళ్ళెదుట కనిపించింది. కుళాయిల మొదళ్ళలో తెల్లని పెచ్చులు, షవరు రంధ్రాలలో సగం మూతపడినవి, బకెట్ లోపలి గోడకు చేత్తో తడిమితే గరుకుగా తగిలే పూత. బకెట్ మీది జిడ్డు ఒంటి మురికి అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కఠిన జలంలోని కాల్షియం సబ్బుతో కలిసి విరిగిన పాలలా పేరుకునేది అది. సబ్బు నురగ రాదని మేము ఇంకాస్త సబ్బు రుద్దుతాము, అదీ అక్కడే పేరుకుంటుంది. కుంకుడు రసానికి ఈ ఇబ్బంది లేదు, బోరు నీళ్ళలోనూ నురుగు వస్తుంది. అందుకే పురుగుపట్టిన సంచిని పారేసినా, గింజ తీసి ఎండబెట్టిన కొత్త కాయలను వంటింట్లో డబ్బాలో ఉంచుకున్నాను.

గారను తీయడానికి ఇదివరకు నేను కిరాణా కొట్టులో సీసాలలో అమ్మే యాసిడ్ వాడేదాన్ని. దానితో ఒకసారి ప్రమాదం కొద్దిలో తప్పింది. నాలుగేళ్ళ క్రితం దసరా ముందు యాసిడ్ పోసి, తెల్లబడడం చాలలేదని దాని మీదే బ్లీచింగ్ పౌడరు చల్లాను. పసుపుపచ్చని ఆవిరి లేచి, గొంతులో సూదులు గుచ్చినట్టయి, కళ్ళ వెంట నీళ్ళతో బయటకు పరుగెత్తాను. రెండు రోజులు దగ్గు తగ్గలేదు. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. కమోడ్ శుభ్రం చేసే ద్రవాలలో హార్పిక్ వంటివాటిలో కూడా ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే కనుక వాటి మీద బ్లీచింగ్ వేసినా జరిగేది అదే. ఆ చిన్న గదిలో ఆ రెండు డబ్బాలూ ఒకదాని పక్కన ఒకటి నాలుగేళ్ళుగా ఉన్నాయంటే, ఆ దగ్గు నుంచి నేను నేర్చుకున్నది ఏమీ లేదన్నమాట. ఇప్పుడు కమోడ్‌కు ఒక్క ద్రవమే ఉంచి, బ్లీచింగ్ పౌడరును, యాసిడ్‌ను ఇంట్లోనే లేకుండా చేశాను. పైగా యాసిడ్ గారతోపాటు పలకల మధ్య సిమెంటును కూడా తినేస్తుంది, మా గదిలో మూలలు గుల్లబారడానికి అదే కారణమని తరువాత వచ్చిన ప్లంబర్ చూపించాడు.

యాసిడ్‌కు బదులు నిమ్మ ఉప్పు వాడాను. లీటరు వేడినీళ్ళలో రెండు పెద్ద చెంచాలు కరిగించి, పాత బనియను గుడ్డలను అందులో తడిపి కుళాయిల చుట్టూ చుట్టి, షవరు తలను విప్పి ఆ నీళ్ళలోనే ముంచి గంటసేపు వదిలేశాను. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపటమంటూ బుడగలు వచ్చాయి. గుడ్డ విప్పి పాత టూత్ బ్రష్షుతో రుద్దగానే పెచ్చులు మెత్తని ముద్దలా రాలాయి. బాగా మందంగా ఉన్నచోట మూడుసార్లు చేయవలసి వచ్చింది. బకెట్లలో ఒకటే దారికి వచ్చింది, మిగిలిన రెండింటిని మొక్కల కుండీలుగా మార్చాను.

తూము జాలీ ఎత్తితే వచ్చినదానిని వర్ణించను. వెంట్రుకలకు సబ్బు జిడ్డు పట్టి తాడులా పేనుకుని ఉన్నదని మాత్రం చెబుతాను. గదిలో ఎంత కడిగినా పోని ముక్కవాసనకు మూలం అదే.

ఇక అటక. దాని మీద ఏమీ తీయడానికి వీల్లేదని మావారు ముందే చెప్పారు. అందులో కాలిపోయిన పాత గీజరు ఎలిమెంటు ఉన్నది, రాగి ఉంటుందని దాచారట. దాని చుట్టూ బొటనవేలంత మందాన గార పట్టి, ఎండిన పుట్టగొడుగుల గుత్తిలా ఉంది. గోడ రంగు డబ్బాలు రెండు గడ్డకట్టి ఉన్నాయి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పలకలు సగం పెట్టె ఉన్నాయి. ఎలిమెంటూ రంగు డబ్బాలూ దించగలిగాను, పలకల దగ్గర ఓడిపోయాను. సోమవారం అమ్మ పట్టుకుని లేవడానికి కమోడ్ పక్కన స్టీలు కడ్డీ బిగించడానికి ప్లంబర్ వచ్చాడు. నేల నుంచి ముప్పైనాలుగు అంగుళాల ఎత్తున గుర్తు పెట్టి, కుళాయికి నేరుగా పైన కన్నం వేస్తే గోడలోని పైపు తగులుతుందని పక్కకు జరిగి డ్రిల్లు పెట్టాడు. రెండవ కన్నానికి పలక పగిలింది. ఆ రంగు పలక ఇప్పుడు బజారులో ఎక్కడా దొరకదు. మావారు ఏమీ మాట్లాడకుండా నిచ్చెన తెచ్చి అటక మీద నుంచి ఒక పలక దించి ఇచ్చారు. ఆ రోజు రాత్రి భోజనం దగ్గర కూడా ఆయన ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ కష్టమైంది. మిగిలిన పలకలు నాలుగూ ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి, వాటి జోలికి నేను వెళ్ళను.

అమ్మ మంగళవారం వాకర్‌తో లోపలికి వెళ్ళింది. నాలుగు కాళ్ళూ నేల మీద ఆనాయి.

ఇది జరిగి పది నెలలయింది. నిలబెట్టుకోవడం తీసేయడమంత కష్టం కాలేదు కాని, తనంతట తానుగా నిలిచిందీ లేదు. ఆఖరున స్నానం చేసినవారు వైపర్‌తో నీళ్ళు తూములోకి తోసి, తలుపు తెరిచి రావాలన్నది మొదటి నియమం. నేల గంటలో ఆరిపోతుంది, పాకుడు పట్టదు, తడి కాళ్ళతో జారే భయం అమ్మకు లేకుండా పోయింది. కొత్త సీసా కొనాలంటే పాతది ఖాళీ కావాలన్నది రెండవది. ఒకటి కొంటే ఒకటి ఉచితమనే బేరం దగ్గర నేనే రెండుసార్లు ఈ నియమం తప్పి, రెండవ సీసాను వంటింటి అటకలో దాచి, దొరికిపోయాను. సంక్రాంతికి బంధువులు ఎనిమిది మంది దిగినప్పుడు నాలుగు రోజులు ఏ నియమమూ నడవలేదు. వారు వెళ్ళాక వెంటిలేటర్ పలక మీద పదిహేడు షాంపూ పొట్లాలు, ఎవరిదో ఒక దువ్వెన మిగిలాయి. సర్దడానికి ఇరవై నిమిషాలు పట్టింది. జూన్‌లో అయితే రెండు రోజులు పట్టిన పని అది.

అమ్మ సెప్టెంబరు చివర తెనాలి వెళ్ళిపోయింది. తన బుట్టను తీసుకుపోకుండా మా బీరువాలోనే వదిలి వెళ్ళింది, మళ్ళీ వచ్చినప్పుడు కావాలని. సబ్బు ముక్కల రాయిని మాత్రం పాత పేపరులో చుట్టుకుని తీసుకువెళ్ళింది, నానబెట్టి గచ్చు కడుగుతుందట.

తలుపు వెనుక కొక్కేల సంగతి ఇంకా తేలలేదు. మూడు కొక్కేలు ఉన్నాయి, ఈ వాక్యం రాసే ముందు వెళ్ళి చూస్తే వాటికి ఏడు బట్టలు వేలాడుతున్నాయి, వాటిలో రెండు నావి.